1874లో బంగాళాఖాతంలో ‘పెర్ల్’ ఓడను ముంచింది రాకాసి స్క్విడ్డేనా?

కెరటం:
సముద్ర రాక్షసుల ప్రస్తావన వస్తే అందరూ నార్వే అనో, న్యూఫౌండ్‌లాండ్ అనో మొదలుపెడతారు. మన బంగాళాఖాతం పేరు వినిపించే కథ నాకు తెలిసి ఒక్కటే ఉంది. చాలాకాలంగా మనసులో మెదులుతోంది కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

1874 జులైలో లండన్ ‘టైమ్స్’ పత్రికలో అచ్చయిన కథనం ఇది. పెర్ల్ అనే 150 టన్నుల స్కూనర్ (తెరచాప ఓడ) సరుకు లేకుండా మారిషస్ నుంచి రంగూన్‌కు బయలుదేరింది. కెప్టెన్ పేరు జేమ్స్ ఫ్లాయిడ్. దారిలో శ్రీలంకలోని గాలె రేవులో నీళ్లు ఎక్కించుకున్నారు. మే 10న, శ్రీలంకకు తూర్పున నడిసముద్రంలో గాలి పూర్తిగా పడిపోయి ఓడ నిలిచిపోయింది. సాయంత్రం వేళ కొంత దూరంలో గోధుమ రంగులో పెద్ద దిబ్బ లాంటిది నీటిపైకి తేలింది. కెప్టెన్ తుపాకీ తెచ్చి దాని మీద పేల్చాడు. బిల్ డార్లింగ్ అనే నావికుడు, అది స్క్విడ్ (పొడవాటి చేతులున్న మెత్తని సముద్ర జీవి) అని, దాన్ని రెచ్చగొడితే ఓడనే పడదోస్తుందని ముందే హెచ్చరించాడట. తుపాకీ దెబ్బ తిన్న జీవి ఓడ మీదికి వచ్చి, చేతులతో తెరచాప స్తంభాలను పెనవేసుకుని, ఓడను పక్కకు ఒరగదీసి ముంచేసింది. కొలంబో నుంచి మద్రాసుకు వస్తున్న స్ట్రాథోవెన్ అనే స్టీమర్‌లోని వారు దూరం నుంచి ఇదంతా చూశారని, నీళ్లలో కొట్టుకుంటున్న కొందరిని పైకి తీశారని కథనం చెబుతుంది.

అక్షాంశ రేఖాంశాలు ఇచ్చారు, తేదీ ఇచ్చారు, పేర్లు ఇచ్చారు. ఇంత వివరంగా ఉన్నదాన్ని కట్టుకథ అని తోసెయ్యాలంటే నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

మరతెడ్డు:
ఓడల్లో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఒక సంగతి ముందు చెప్పాలి. 150 టన్నులు అంటే ఆ ఓడ బరువని చాలామంది పొరబడతారు. ఆ కాలంలో అది ఓడలో సరుకు పట్టే చోటుకు కొలత. అయినా అది చిన్న ఓడే. అందులోనూ సరుకు లేకుండా వెళ్తోందంటున్నారు. అడుగున వేసిన బరువు సరిగా లేని ఓడ, గాలి లేని రోజున నిశ్చలంగా కనిపించినా, ఒక్క విసురు గాలికి ఒరిగిపోగలదు.

స్క్విడ్ ఓడను పట్టుకోవడం జరగని పని అనలేను. 2003 జనవరిలో ఫ్రాన్స్ నావికుడు ఒలివియె ద కెర్సోసన్ ప్రపంచం చుట్టి వచ్చే ప్రయత్నంలో ఉండగా ఒక పెద్ద స్క్విడ్ ఆయన పడవ చుక్కానిని గట్టిగా పట్టుకుంది. పడవను ఆపాక అదే వదిలేసి వెళ్లిపోయింది. ఆయన పేరున్న నావికుడు. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

పట్టుకోవడం వేరు, ముంచడం వేరు. నా సందేహమంతా రెండోదాని మీదే.

జంతుశాస్త్రం మాస్టారు:
మరతెడ్డు గారు సరైన చోట వేలు పెట్టారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

రాకాసి స్క్విడ్ శాస్త్రీయ నామం ఆర్కిట్యూథిస్. ఆ పేరు పెట్టింది డెన్మార్క్ జంతుశాస్త్రవేత్త యాపెటస్ స్టీన్‌స్ట్రుప్, 1857లో. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం నుంచి మిగిలిన ముక్కు ఆయనకు ఆధారం. అంతకు నూరేళ్ల ముందు నార్వేలోని బెర్గెన్ బిషప్ ఎరిక్ పొంటొప్పిడాన్, నావికుల కథల్లోని సముద్ర రాక్షసి క్రాకెన్‌ను దీవి అంతటి జీవిగా వర్ణించాడు. స్టీన్‌స్ట్రుప్ ఆ దీవిని కొలవదగిన జంతువుగా మార్చాడు. ఈ వంద సంవత్సరాల ప్రయాణం నాకు ఎంతో ఇష్టమైన అధ్యాయం.

ఇప్పుడు కొలతలు. ఆడ స్క్విడ్ పెద్దది. ఆహారం పట్టే రెండు పొడవాటి చేతులను కూడా కలిపితే సుమారు 12, 13 మీటర్లు. ఆ పొడవులో సగానికి పైగా ఆ రెండు చేతులే. మొండెం రెండు మీటర్లకు కాస్త అటూ ఇటూ. బరువు గరిష్ఠంగా 275 కిలోలు. దాని కండరాల్లో అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం నిండి ఉంటుంది. అది సముద్రపు నీటికన్నా తేలిక. అందువల్ల నీళ్లలో ఆ జంతువుకు దాదాపు బరువే ఉండదు. అలాంటిది ఓడను కిందికి లాగాలంటే తన శరీరాన్ని నీటిపైకి ఎత్తి ఓడ అంచు మీద వేలాడాలి. మొత్తం శరీరం పైకి వచ్చినా, నలుగురు మనుషులు ఓడలో ఒక పక్కకు వచ్చి నిలబడినంత భారమే పడుతుంది. దానికి స్కూనర్ ఒరగదు.

ఇంకొకటి ఉంది. స్క్విడ్ రక్తం మనలాగా ఇనుముతో కాకుండా రాగితో ఆక్సిజన్‌ను మోస్తుంది. చల్లని నీటిలో ఆ ఏర్పాటు పనిచేస్తుంది. నీరు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్‌ను పట్టి ఉంచే శక్తి పడిపోతుంది. ఆ జంతువు తిరిగేది కొన్ని వందల మీటర్ల లోతున, చీకటిగా చల్లగా ఉండే చోట. మే నెలలో బంగాళాఖాతం పైపొర 30 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అక్కడికి తేలిన ఆర్కిట్యూథిస్ అప్పటికే చావుబతుకుల్లో ఉంటుంది. దానికి దాడి చేసే ఓపిక ఎక్కడిది? పైగా ఈ జాతి ఉష్ణమండల జలాల్లో కనిపించడమే అరుదు.

పాత కాగితాలు:
మాస్టారూ, మీరు జంతువును పరీక్షించారు. నేను తేదీలను పరీక్షిస్తాను.

1873 అక్టోబరులో, ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో, పోర్చుగల్ కోవ్ దగ్గర, చిన్న పడవలోని మత్స్యకారులు నీటిపై తేలుతున్న ఒక దిబ్బను కొక్కెంతో పొడిచారు. అది చేతులు చాచి పడవను పట్టుకుంది. వాళ్లు గొడ్డలితో ఒక చేతిని నరికి ఒడ్డుకు తెచ్చారు. దాని పొడవు 19 అడుగులు. సెయింట్ జాన్స్ పట్టణంలోని మోజెస్ హార్వే అనే పాస్టరు దాన్ని కొన్నాడు. కొద్ది వారాల్లోనే లోగీ బే దగ్గర వలలో చిక్కిన మరో స్క్విడ్‌ను కూడా ఆయనే కొని, స్నానాలగదిలో తెర కట్టే కడ్డీ మీద వేలాడదీసి ఫోటో తీయించాడు. రాకాసి స్క్విడ్‌కు అది తొలి ఫోటో. ఆ వార్త అట్లాంటిక్‌కు రెండు వైపులా పత్రికల్లో మారుమోగింది.

ఏడాది తిరగకుండానే పెర్ల్ కథ వచ్చింది. నీటిపై దిబ్బ, మనిషి దాన్ని గాయపరచడం, అది చేతులు వేయడం, అన్నీ అదే వరుస. పెర్ల్ కథలో స్క్విడ్‌ను గుర్తుపట్టిన బిల్ డార్లింగ్ ఎక్కడివాడో కెరటం గారు రాయలేదు. అతను న్యూఫౌండ్‌లాండ్‌వాడు!

కెరటం:
ఆ వివరం నాకూ తెలుసు. నేను దాన్ని మరోలా చూశాను. స్క్విడ్‌లను ఎరిగిన ప్రాంతంవాడు కాబట్టే గుర్తుపట్టగలిగాడు అనుకోవచ్చు కదా.

పాత కాగితాలు:
అనుకోవచ్చు. ఒకే వివరం రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్పేటట్లుంది. అందుకే కథలోని వివరాల సంఖ్యను బట్టి దాని నిజానిజాలు తేల్చకూడదంటాను. కథ అల్లేవాడికీ అక్షాంశ రేఖాంశాలు అందుబాటులో ఉంటాయి. కథనానికి బయట, వేరే చేతి రాతలో, పెర్ల్ మునిగినట్లు ఏదైనా ఉండాలి. ఓడ యజమాని బీమా అడిగి ఉండాలి. స్టీమర్ మద్రాసు చేరినప్పుడు ప్రాణాలతో దిగినవారి గురించి అక్కడి పత్రికలు రాసి ఉండాలి.

తీరవాసి:
మాది బోట్ల మీద బతికిన కుటుంబం. ఇలాంటి చర్చల్లో చివరికి “చదువురాని జాలర్ల భ్రమలు” అనే మాట ఎవరో ఒకరు తెస్తారు. అది రాకముందే నేను మాట్లాడాలనుకుంటున్నాను.

ఇప్పుడు మీరే చెప్పారు, తొలి ఫోటోకు స్క్విడ్‌ను ఇచ్చింది ఎవరు? వల వేసినవాళ్లు. 19 అడుగుల చేతిని ఒడ్డుకు తెచ్చింది ఎవరు? గొడ్డలి పట్టిన మనిషి. 1861 నవంబరు 30న అలెక్టోన్ అనే ఫ్రెంచి యుద్ధనౌక టెనెరీఫ్ దగ్గర ఇలాంటి జంతువును చూసింది. తుపాకులు పేల్చారు, ఉచ్చు వేసి లాగారు. తాడు జారి తోక దగ్గర బిగుసుకుని, శరీరం తెగి సముద్రంలో పడిపోయింది. తోక ముక్క మాత్రం మిగిలింది. ఆ నివేదిక పారిస్ అకాడమీకి వెళ్తే అక్కడి పెద్దల్లో కొందరు నమ్మలేదు. తర్వాత అలాంటి జంతువు ఉందని తేలింది. అంటే చూసినవాళ్ల మాట నిలిచింది.

1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో హెండ్రిక్ గూసెన్ అనే ట్రాలర్ కెప్టెన్ తన వలలో పడిన వింత చేపను పక్కన పెట్టించి, ఈస్ట్ లండన్ మ్యూజియంలో పనిచేసే మార్జొరీ కోర్టనే-లాటిమర్‌కు కబురు పెట్టాడు. అది సీలకాంత్. డైనోసార్లతోపాటే, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం అంతరించిందని పుస్తకాల్లో రాసుకున్న చేప. ఆ కెప్టెన్ దాన్ని అందరితోపాటు బేరానికి పంపేసి ఉంటే?

మావాళ్లు చూసినదాన్ని చూసినట్టే చెబుతారు. దానికి పేరు పెట్టేటప్పుడు మాత్రం తెలిసిన పేరే పెడతారు. తప్పు అక్కడ జరగవచ్చు.

జంతుశాస్త్రం మాస్టారు:
తీరవాసి గారి చివరి మాటకు రెండు ఉదాహరణలు ఇస్తాను. రెండింటిలోనూ చూసినవారు నిజాయతీపరులే.

1848 ఆగస్టు 6న బ్రిటిష్ యుద్ధనౌక డీడలస్ గుడ్ హోప్ అగ్రానికీ సెయింట్ హెలీనా దీవికీ మధ్య వెళ్తోంది. కెప్టెన్ పీటర్ మెక్వే, ఆయన అధికారులు అరవై అడుగుల సముద్ర సర్పం ఓడ పక్కనుంచి తల ఎత్తుకుని పోవడం చూశారు. నౌకాదళానికి అధికారికంగా నివేదిక ఇచ్చారు. ఆనాటి మహా శరీరశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ అది ఏనుగు సీల్ అయి ఉంటుందని రాస్తే కెప్టెన్ ఒప్పుకోలేదు. కెప్టెన్ పట్టుదలే సరైనది. ఈ కాలపు పరిశీలకులు ఆ బొమ్మలను సెయ్ తిమింగలంతో పోల్చారు. నోరు తెరిచి నీటిపైపొరను జల్లెడ పట్టుకుంటూ పోయే సెయ్ తిమింగలం పైదవడ నీటి మీద పొడవుగా, చదునుగా కనిపిస్తుంది. వెనుక వీపు, రెక్క తేలుతుంటాయి. ఓవెన్ చెప్పినదానికన్నా ఇది కెప్టెన్ వర్ణనకు ఎంతో దగ్గర.

రెండోది జుయియో మారు. 1977 ఏప్రిల్‌లో న్యూజిలాండ్ దగ్గర ఈ జపాను ట్రాలర్ వలలో కుళ్లిన కళేబరం పడింది. పది మీటర్ల పొడవు, సుమారు 1800 కిలోలు. చిన్న తల, పొడవాటి మెడ, నాలుగు తెడ్లు. డైనోసార్ల కాలంనాటి పొడవు మెడ సముద్ర సరీసృపం ప్లీసియోసార్ అని జపాను అంతా ఊగిపోయింది. మిగతా చేపలు పాడవుతాయని సిబ్బంది దాన్ని తిరిగి సముద్రంలో వేశారు. అయితే ఫోటోలు తీసుకున్నారు, రెక్క నుంచి నార లాంటి పోగులు కొన్ని దాచారు. ఆ పోగుల్లోని అమినో ఆమ్లాలను పరీక్షిస్తే సొరచేపల రెక్కల్లో ఉండే ప్రోటీన్‌తో సరిపోయాయి. బాస్కింగ్ సొరచేప చనిపోయాక దాని భారీ దవడలు, మొప్పల భాగం ముందుగా ఊడిపోతాయి. మిగిలిన చిన్న కపాలం, వెన్నెముక కలిసి పొడవాటి మెడలా కనిపిస్తాయి. 1808లో స్కాట్లండ్‌లోని స్ట్రోన్సే దీవికి కొట్టుకొచ్చిన ‘రాక్షసి’ కథ కూడా ఇదే.

నీలిమ:
నమస్కారం మాస్టారూ. నేను బి.ఎస్సీ. విద్యార్థిని. స్పెర్మ్ తిమింగలాల తల మీద స్క్విడ్ చూషకాలు (చేతుల మీద ఉండే, పట్టుకునే గుండ్రటి బిళ్లలు) వేసిన పళ్లెం అంత పెద్ద గుర్తులు ఉంటాయని చదివాను. ఆ లెక్కన 13 మీటర్లకన్నా చాలా పెద్ద స్క్విడ్‌లు ఉండాలి కదా?

జంతుశాస్త్రం మాస్టారు:
మంచి ప్రశ్న అమ్మా. పిల్ల తిమింగలానికి తగిలిన గాయం మచ్చగా మారి, తిమింగలం పెరిగే కొద్దీ తానూ పెరుగుతుంది. అందువల్ల మచ్చ వెడల్పును బట్టి స్క్విడ్ పొడవు లెక్కకట్టలేము. ఆ మచ్చలు చెప్పే అసలు సంగతి వేరు. కింద చీకట్లో తిమింగలం స్క్విడ్‌ను వేటాడుతోంది, స్క్విడ్ చివరిదాకా పెనుగులాడుతోంది. తిమింగలాల కడుపుల్లో స్క్విడ్ ముక్కులు దొరుకుతాయి. స్క్విడ్‌ల కడుపుల్లో తిమింగలాలు ఎక్కడా దొరకలేదు.

రాకాసి స్క్విడ్ కన్ను సుమారు 27 సెంటీమీటర్ల వెడల్పు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం దానికి మంచి కారణం చూపింది. తిమింగలం లోతుల్లో ఈదుతుంటే దాని ఒరిపిడికి చుట్టూ ఉన్న సూక్ష్మజీవులు వెలుగుతాయి. ఆ మసక కాంతి ఆకారాన్ని వంద మీటర్లకు పైగా దూరం నుంచే పసిగట్టడానికి అంత పెద్ద కన్ను కావాలి. నన్నడిగితే, ఓడలు ముంచే కథలన్నీ కలిపినా ఈ ఒక్క కన్నుకు సాటి రావు.

సుందరి_పాలకొల్లు:
మన రామాయణంలో సముద్రం దాటుతున్న హనుమంతుడి నీడను పట్టి లాగిన సింహిక ఉంది కదండీ. ఆ రోజుల్లోనే ఇలాంటి జీవులు తెలుసని అనుకోవచ్చా?

జంతుశాస్త్రం మాస్టారు:
సుందరి గారూ, సుందరకాండలో సింహిక నాకూ ఎంతో ఇష్టమైన ఘట్టం. అయితే దాన్ని జంతుశాస్త్రంగా చదివితే కావ్యానికే అన్యాయం జరుగుతుంది. నీడను పట్టుకునే శక్తి అన్న ఊహ ఎంత గొప్పది! దాన్ని స్క్విడ్ చేతికి కుదించడం నాకు ఇష్టం లేదు. సముద్రం దాటాలంటే భయపడిన మనుషులు ప్రతి తీరంలోనూ ఉన్నారు. ప్రతి తీరమూ ఆ భయానికి తన రూపం ఇచ్చుకుంది.

మరతెడ్డు:
బ్లూప్ శబ్దం గురించి కూడా ఎవరైనా అడుగుతారని ముందే రాస్తున్నాను. 1997లో దక్షిణ పసిఫిక్‌లో అమెరికా సముద్ర పరిశోధన సంస్థ నోవా హైడ్రోఫోన్లకు (నీటిలోని శబ్దాలు పట్టే పరికరాలకు) అందిన పెద్ద శబ్దం అది. తిమింగలాలకన్నా పెద్ద జీవి అని ఇప్పటికీ వీడియోలు వస్తున్నాయి. అది అంటార్కిటిక్ మంచు బద్దలైన శబ్దమని నోవాయే తేల్చింది. ఇంకా బతికే ఉందని చెప్పుకునే రాకాసి సొరచేప మెగలోడాన్ కథ కూడా అంతే. 30 లక్షల సంవత్సరాలకు ముందే అంతరించింది. వెచ్చని తీరజలాల్లో తిమింగలాలను తిని బతికిన జంతువు ఆహారం దొరకని మరియానా అగాధంలో దాక్కుని ఉండలేదు.

నిజంగా ఒళ్లు జలదరించే సంగతి మన వైపే ఉంది. పాలసముద్రం. 1995 జనవరిలో లిమా అనే బ్రిటిష్ ఓడ సోమాలియాకు దూరంగా హిందూ మహాసముద్రంలో వెళ్తుంటే చుట్టూ నీరంతా తెల్లగా వెలుగుతూ కనిపించింది. కెప్టెన్ లాగ్ పుస్తకంలో రాశాడు. ఆ తర్వాత శాస్త్రవేత్త స్టీవెన్ మిల్లర్ బృందం పాత ఉపగ్రహ చిత్రాల్లో వెతికితే అదే చోట, అదే రాత్రి, 15,400 చదరపు కిలోమీటర్ల మేర ఆ వెలుగు కనబడింది. కాంతినిచ్చే బాక్టీరియా దానికి కారణమని భావిస్తున్నారు. తరతరాలుగా నావికులు చెబుతూ వచ్చిన మాట ఉపగ్రహం చెప్పాకగానీ నమ్మలేదు. తీరవాసి గారి బాధ నాకు అర్థమవుతుంది.

నీలిమ:
ప్రాణంతో ఉన్న రాకాసి స్క్విడ్‌ను మొదట ఎవరు చూశారు?

పాత కాగితాలు:
లోతుల్లో, దాని సొంత చోట, తొలిసారి ఫోటో తీసింది జపాను శాస్త్రవేత్తలు సునెమి కుబొడెరా, క్యోయిచి మోరి. 2004 సెప్టెంబరు 30న ఒగసవర దీవుల దగ్గర, 900 మీటర్ల లోతున. స్పెర్మ్ తిమింగలాలు ఎక్కడ మునుగుతున్నాయో గమనించి, అక్కడే ఎర కట్టిన తాడును, కెమెరాను దింపారు. స్క్విడ్ చెయ్యి కొక్కేనికి చిక్కుకుని, నాలుగు గంటలకు పైగా పెనుగులాడి, చివరికి తెగింది. 550కి పైగా ఫోటోలు వచ్చాయి. తెగిన చెయ్యి 5.5 మీటర్లు, పైకి లాగినప్పుడు కూడా చూషకాలు పట్టుకుంటూనే ఉన్నాయి.

2012లో సముద్ర జీవశాస్త్రవేత్త ఈడిత్ విడర్ వేరే దారి ఎంచుకుంది. పెద్ద దీపాలు వెలిగించి వెళ్తే ఏ జంతువైనా పారిపోతుంది. లోతు జీవుల్లో చాలావాటికి కనిపించని ఎర్ర కాంతిని వాడి, అటోలా అనే జెల్లీచేప ఆపదలో వెలిగే తీరును అనుకరించే చిన్న దీపాన్ని ఎరగా పెట్టింది. స్క్విడ్ కెమెరా ముందుకు తనంతట తానే వచ్చింది. చెప్పుకుంటూ వస్తున్న రాక్షసిని వెతకడం మానేసి, ఆ జంతువు ఏం చూస్తుందో, దేనికి దగ్గరవుతుందో ఆలోచించిన మనిషికి అది దొరికింది.

జంతుశాస్త్రం మాస్టారు:
దానికి జోడింపు. బరువులో ఆర్కిట్యూథిస్‌ను మించిన కొలోసల్ స్క్విడ్ అంటార్కిటిక్ వైపు ఉంది. 1925లో తిమింగలం కడుపులో దొరికిన చేతులను బట్టి దాన్ని వర్ణించారు. 2007లో రాస్ సముద్రంలో 495 కిలోలది పట్టుబడింది. ఇప్పుడది వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియంలో ఉంది. సొంత నీటిలో ప్రాణంతో ఈదుతుండగా ధ్రువీకరించిన వీడియో మాత్రం 2025 మార్చిలోనే దొరికింది. సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర, 600 మీటర్ల లోతున, 30 సెంటీమీటర్ల పిల్ల. గాజులా పారదర్శకంగా ఉంది. నూరేళ్లు పట్టింది.

కెరటం:
అయితే పెర్ల్ సంగతి ఏం తేలినట్టు? మాస్టారి లెక్క నాకు కాదనడానికి వీల్లేకుండా ఉంది. స్క్విడ్ ముంచలేదు. కానీ ఓడ మునిగిందా, లేదా?

మరతెడ్డు:
మునిగి ఉంటే, నా ఊహ ఇది. మే నెల బంగాళాఖాతంలో రుతుపవనాల ముందు గాలి చచ్చిపోయినట్టుండి ఉన్నట్టుండి ఈదురుగాలి విరుచుకుపడుతుంది. తెరచాపలు దించని ఖాళీ ఓడ ఒక్కసారిగా ఒరిగిపోతుంది. దగ్గర్లో ఏదైనా కళేబరం తేలుతూ ఉంటే రెండూ కలిసి ఒక కథ అవుతాయి. ఇది ఊహే, రుజువు అనడం లేదు.

తీరవాసి:
నీళ్లలో తేలే తిమింగలం కళేబరం గోధుమ రంగు దిబ్బలాగే ఉంటుంది. దూరం నుంచే వాసన చెబుతుంది. కథనంలో వాసన మాట ఉందా?

కెరటం:
నేను చదివినదాంట్లో లేదు అన్నా.

పాత కాగితాలు:
నేను చెన్నైలోనే ఉంటాను. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు దస్త్రాలు ఉన్నాయి. 1874 మే నెలలో మద్రాసు రేవుకు వచ్చిన ఓడల జాబితా, స్ట్రాథోవెన్ చేరిన తేదీ, దిగినవారి వివరాలు చూడటానికి అనుమతి అడుగుతాను. కెరటం గారూ, ‘టైమ్స్’ కథనం పూర్తి పాఠం మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టండి. పేర్ల అక్షరక్రమం సరిగ్గా తెలియాలి. స్ట్రాథోవెన్ పేరును ఒక్కో చోట ఒక్కో విధంగా రాస్తున్నారు.

కెరటం:
ఈ రాత్రికే టైపు చేసి పెడతాను.

నీలిమ:
రేవు జాబితాలో తెరచాప ఓడలను విడిగా రాసేవారా? అలా అయితే ఆ నెలలో గాలె నుంచి రంగూన్‌కు వెళ్లిన మిగతా స్కూనర్ల పేర్లు కూడా తీసుకోండి. అదే వారంలో అదే దారిన వెళ్లినవాళ్లు గాలి పడిపోయిందని రాశారో, తుపాను వచ్చిందని రాశారో తెలుస్తుంది.

పాత కాగితాలు:
చాలా మంచి ఆలోచన అమ్మా. అలాగే తీసుకుంటాను.